ఓడిపోయిన యుద్ధాన్ని మైకులో చెప్పిన సుభద్ర మేడమ్

నిన్న పొద్దున ఏలూరులో ఇస్త్రీ బండి దగ్గర నిలబడి ఉన్నాను. ఆదివారం షోకి తెరగుడ్డ మడతలు పోగొట్టిస్తున్నాను.

ఫోన్ మోగింది. "సుభద్ర మేడమ్ పోయారంటరా" అన్నాడు మా సాదిక్.

నమ్మలేదు. వాడి మీద కోపం వచ్చింది. వెంటనే మేడమ్ నంబరుకే చేశాను.

వాళ్ల కోడలుగారు ఎత్తారు. "నిద్రలోనేనండీ" అన్నారు.



మొన్న సాయంత్రమే కదా మేడమ్ నాతో పోట్లాడింది.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మేడమ్ తాడేపల్లిగూడెంలో సోషల్ టీచరుగా చేసి రిటైరయ్యారు. పౌరోహిత్యం చేసుకునే కుటుంబం. మేము కొందరం కుర్రాళ్లం కొల్లేరు ఊళ్లలో తెర కట్టి ఫ్రీగా సినిమాలు వేస్తుంటాం. మాకు అన్నిటికంటే ఇష్టమైనది ఒక ఆఫ్రికా యుద్ధం సినిమా. తమ నేలను ఆక్రమించడానికి వచ్చిన తెల్లవాళ్ల సైన్యానికి ఎదురు నిలిచిన జనం కథ. మాటలు వాళ్ల భాషలో ఉంటాయి, కింద ఇంగ్లీషులో పడతాయి.

ఊళ్లో ఆ ఇంగ్లీషు చదివేదెవరు?

అందుకని మేడమ్ తెర పక్కన కుర్చీ వేసుకుని, మైకు పట్టుకుని, సినిమా మొత్తం తెలుగులో చెప్పేవారు. అందరి గొంతులూ ఆవిడే.

తెల్ల కెప్టెన్‌కి తమ పాత హెడ్మాస్టర్ గారి గొంతు పెట్టేవారు. జనంలో గూడెం స్కూల్లో చదివినవాళ్లు ఎవరైనా ఉంటే నవ్వు ఆపుకోలేక అక్కడే దొరికిపోయేవారు.

ఊరి నాయకుడు మాత్రం శత్రువుని "అండీ" అనేవాడు. "మీరొచ్చిన దారినే వెళ్లిపోండి. మర్యాదగా చెబుతున్నానండి."

నాకు ఒళ్లు మండేది. కరపత్రాలు చదివి పెరిగినవాణ్ని. "యుద్ధంలో అండీ ఏంటి మేడమ్?" అని ఒకసారి అడిగేశాను.

"మీ అమ్మమ్మగారికి కోపం వస్తే ఎప్పుడూ వినలేదుటోయ్, కరపత్రం? మనవైపు కోపం ముదిరేకొద్దీ అండీలు పెరుగుతాయి."

నన్ను ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. కరపత్రం, అంతే.

ఆ సినిమా మొదటిసారి కొల్లేరు మధ్య ఊళ్లో వేసిన రోజు మర్చిపోలేను. తెర మీద తెల్లవాళ్లు గొలుసులతో నేల కొలిచి హద్దు రాళ్లు పాతుతున్నారు. ముందు వరసలో ఒక పెద్దాయన లేచాడు.

"ఏవండీ టీచరుగారూ, ఆ రాయి ఎన్నో కాంటూరండీ?"

కొల్లేరులో హద్దు రాయి అంటే కాంటూరు రాయే. ఎక్కడిదాకా సరస్సో, ఎక్కడ చేపల చెరువు తవ్వకూడదో, ఎవరి గట్టు తెగ్గొడతారో ఆ అంకె తేలుస్తుంది. అందుకే ఒక్కరూ నవ్వలేదు. అందరూ జవాబు కోసం మేడమ్ వైపే చూశారు.

ఆవిడ సినిమా ఆపమన్నారు.

"అది కాంటూరు కాదండీ. మీ రాయి సరస్సు బతకడానికని వేశారు. అది తప్పంటే మీరు ఆఫీసుకెళ్లి అడగొచ్చు, కోర్టుకెళ్లొచ్చు, ఓటేసేటప్పుడు చూసుకోవచ్చు. పాపం వాళ్లకి ఏ దారీ లేదండీ. రాయి పాతినవాడే అక్కడ జడ్జీ."

పెద్దాయన ఆలోచించుకుని కూర్చున్నాడు. "అయితే పీకెయ్యాల్సిందేనండీ" అన్నాడు.

తర్వాతి సీనులో వాళ్లు సరిగ్గా అదే చేశారు. ఊరంతా ఈలలు.

కానీ చివర్లో వాళ్లు ఓడిపోతారు. ఊళ్లు తగలబడతాయి. నాయకుణ్ని గొలుసులు వేసి తీసుకుపోతారు. జనం చాపలు చుట్టుకున్నారు. ఒకావిడ మాత్రం మా దగ్గరికొచ్చి "ఓడిపోయే సినిమా ఎందుకు తెచ్చారండీ?" అని అడిగి, జవాబు వినకుండానే వెళ్లిపోయింది.

అప్పటినుంచి నాది ఒకటే మాట. మధ్యలో వాళ్లు గెలిచే యుద్ధం ఉంది, అక్కడ ఆపేద్దాం. జనానికి ఇవ్వాల్సింది ధైర్యం, ఏడుపు కాదు. మొన్న ఫోన్‌లో ఇదే అరిచి చెప్పాను.

మేడమ్ అరవలేదు.

"స్వతంత్రం తెచ్చుకున్నది ఆ ఓడినవాళ్ల మనవలేనండీ. ఓటమి కోసేసి, వాళ్లు దేనికి లేచారని చెబుతారండీ మీరు? సగంలో ఆపే షోకి నేను రానండీ."

నన్ను మీరు అన్నారు. ఫోన్ పెట్టేశారు.

అవే చివరి మాటలు.

నిన్నటినుంచి మా గ్రూపులో ఒకటే మెసేజ్‌లు. మాటలు చెప్పేవాళ్లే లేరు, షో వాయిదా వేద్దామని కొందరు. ఏదైనా తెలుగు సినిమా వేసేద్దామని కొందరు.

వాయిదా లేదు. వేరే సినిమా లేదు.

మేడమ్ మాటకి నేను ఇంకా పూర్తిగా లొంగలేదు. ఆవిడ ఉంటే మళ్లీ పోట్లాడేవాణ్ని. ఉన్నప్పుడు ఒప్పించలేకపోయి, లేనప్పుడు కత్తిరించి గెలిచాననుకోవడం మాత్రం నా వల్ల కాదు.

ఆదివారం చీకటి పడగానే షో. సాదిక్ జనరేటర్ చూసుకుంటాడు. దెందులూరు నుంచి, అత్తిలి నుంచి వచ్చేవాళ్లు చాపలు తెచ్చుకోండి.

మైకు నేను పట్టుకుంటాను. గొంతులు మార్చడం నాకు రాదు. ఉన్న ఒక్క గొంతుతోనే చెబుతాను. చివరి ఊరు తగలబడేదాకా చెబుతాను. అయ్యాక కూడా నిలబడి, ఎవరేం అడిగినా జవాబు చెబుతాను.

వెళ్లి రండి మేడమ్. మీ గొంతుకి ఇక విశ్రాంతి, మీ మనసుకి శాంతి.