ఎండకాలంలో చూసిన చేను

చేను కొనాలంటే వానకాలంలో పోయి చూడండి. కాళ్లు బురదలో దిగబడాలి. మేము ఎండకాలంలో చూసి చెడిపోయాం.

మంచిర్యాల దిక్కున ఉన్న మా పాత చేను బొగ్గు గని కిందికి పోయింది. ఒకరి చేన్లో కూలి చేయడమంటే మా ఆయనకు చావుతో సమానం. వచ్చిన పరిహారంతో ఎలాగైనా మళ్లీ చేను కొనాలని ఊళ్లన్నీ తిరిగాడు. చివరికి లక్సెట్టిపేట అవతల నల్లరేగడి దొరికింది. ఆయన మట్టిగడ్డ చిదిమి నాలుక మీద పెట్టుకున్నాడు. నేను దాని ముందున్న చేనతని బోరు నీళ్లు తాగాను. తియ్యగా ఉన్నాయి, మనకూ పడతాయనుకున్నాం.

బాట ఎటు అని మాత్రం అడగలేదు. అమ్మేవాడు ట్రాక్టర్ మీద కూర్చోబెట్టుకుని, పత్తికట్టె పీకేసిన చేన్ల మీదుగా నేరుగా తీసుకుపోయాడు. ఎండకాలంలో మా దిక్కు అన్ని చేన్లూ బాటలే. ఎవరూ ఎవరినీ ఆపరు.

వానలు పడగానే, రోడ్డుకూ మాకూ మధ్య ఉన్న ముందు చేనతను పత్తి పెట్టాడు. మేము విత్తనాల సంచి నెత్తిన పెట్టుకుని, అతని ఒడ్డు మీద నడిచి పోయి మా చేన్లోనూ పత్తే పెట్టాం. శ్రావణంలో వాన ఎగ్గొట్టింది. బోరు వేసే బండిని పిలిపిస్తే రోడ్డు మీదే ఆగింది.

"బిడ్డా, జర బండి పోనియ్యి. తొక్కిన మొక్కలకు పైసలిస్త," అన్నాడు మా ఆయన ముందు చేనతనితో.

"ఒక్కసారి పోనిస్తే రేపు గిదే బాట అంటవ్ కాకా. కొనేటప్పుడు నన్నడిగినవా?"

"అమ్మినోడు చెప్పలే."

"గట్లయితే ఆయన నెత్తి మీదికెళ్లి తీస్కపో."

నాకు ఒళ్లు మండింది. "నీ పత్తి బతకాలె, మాది సావాల్నా?"

"నీ పత్తిని నేనేమన్న అన్ననా చిన్నమ్మా? పోయి వాన కురవని మొగులునడుగు."

బండి డ్రైవరు నవ్వి, వెనక్కి తిప్పుకుని పోయాడు. అమ్మినవాడు ఫోనెత్తలేదు. ఊరి పెద్దలు రేపు, ఎల్లుండి అన్నారు. మా పత్తి కాయ పట్టకముందే ఎండింది.

చలికాలంలో ఆ ముందు చేనతనే ఇంటికి వచ్చాడు. "బాట లేని చేను నేను గాక ఎవ్వలు కొంటరు కాకా?" అన్నాడు. నిజమే. అతనికే ఇచ్చేశాం. వచ్చింది అప్పులకే సరిపోయింది.

ఇప్పుడు మా ఆయన కూలోళ్ల ఆటోలో అదే చేనికి పత్తి ఏరడానికి పోతున్నాడు. మొన్న వానకాలంలో దున్నే ముందు అతను అడిగాడట, "కాకా, గీ ఎనుక చేనుకు దుక్కి పదునెప్పుడొస్తది? నీకే ఎరుక" అని.

మా ఆయన చెప్పాడు. నేనైతే చెప్పకపోదును.