మీ ఆయన లేచినాడా అని అడిగిన ఆమె

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. మాది గుడియాత్తం. మా ఆయన జబ్బుతో పోయిన మరుసటి ఏడు, మా చర్చి ఆడవాళ్లతో కలిసి రోగుల కోసం ప్రార్థన చేయడానికి వేలూరులో ఒక ఆసుపత్రికి వెళ్లాను. వార్డు బయట నాట్రంపల్లి మేస్త్రీ భార్య ఒకామె కూర్చుని ఉంది. కడుతున్న మిద్దె మీద నుంచి పడిన ఆమె భర్త, లోపల స్పృహ లేకుండా ఉన్నాడు.

నేను పక్కన కూర్చుని నా సాక్ష్యం చెప్పాను. మా ఆయన మంచాన పడినప్పుడే ఏసయ్యను నమ్ముకున్నానని, అప్పటి నుంచి నా భయం పోయిందని చెప్పాను.

ఆమె గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. “అయితే మీ ఆయన లేచినాడా అక్కా?”

మాతో వచ్చిన పాస్టరమ్మ, చెప్పొద్దన్నట్టు వెనక నుంచి నా భుజం గిల్లింది. అయినా నాకు అబద్ధం నోట రాలేదు.

“లేదు తల్లీ. పోయినాడు.”

“మరి నీ దేవుడేం చేసినాడు?”

“నన్ను ఒంటిగా ఇడిసిపెట్టలేదమ్మా. తోడుండాడు.”

ఆమె చెయ్యి లాక్కుంది. “నాకు తోడొద్దక్కా. ఆయన కావాల.”

ఆ సాయంత్రమే ఆయన శవాన్ని బయటికి తెచ్చారు. చుట్టాలంతా గుండెలు బాదుకుంటుంటే ఆమె ఏడవలేదు. అంతమందిలో నన్ను వెతికి, నా వైపే చూస్తూ నిలబడింది. నేను దగ్గరికి వెళ్లలేదు.

ఆ చూపుతో నన్ను తిట్టుకుందో, దగ్గరికి రమ్మందో నాకు ఈనాటికీ తెలియదు. నా నమ్మకం పోలేదు. కానీ సాక్ష్యం చెప్పడానికి లేచిన ప్రతిసారీ ముందు ఆ చూపే కనబడుతుంది.