హెర్షెల్‌కు పడని రంగు

హెర్షెల్ స్టబ్స్‌కు వంకాయ రంగు పడదు. కొందరికి వేరుశనగ తింటే దద్దుర్లు వస్తాయి, ఇతనికి ఆ రంగు చూస్తేనే వస్తాయి. కారణం ఒక్కటే. కాన్సస్‌లో వాళ్ళ ఊరు బెల్‌ఫోర్డ్. అక్కడి కాలేజీది నారింజ రంగు. గంటన్నర దూరంలో ఉన్న విల్‌కాట్ కాలేజీది వంకాయ రంగు. చేత్తో బంతి పట్టి ఆడే అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆ రెంటికీ తాతలనాటి పగ.

అందుకని ఆ ఇంట్లోకి ద్రాక్షపళ్ళ జామ్ రాదు. భార్య లొరేన్ ముచ్చటపడి వాకిట్లో పెంచుకున్న ఐరిస్ పూలు విచ్చుకున్న రోజే కత్తెర పాలయ్యాయి. ఈస్టరుకు ముందు చర్చిలో బల్ల మీద వంకాయ రంగు గుడ్డ పరుస్తారు. ఆ ఆదివారాలన్నీ హెర్షెల్ కళ్ళు మూసుకునే కూర్చుంటాడు.

"మీ ఆయన భక్తి చూస్తే ముచ్చటేస్తుందమ్మా," అన్నాడు కొత్తగా వచ్చిన పాస్టరు. లొరేన్ ఆయన్ని ఆ భ్రమలోనే ఉంచింది.

ఒకసారి నిచ్చెన మీంచి జారి మోకాలు కమిలింది. ఆస్పత్రికి ఫోన్ చేస్తే, "ఏ రంగులో ఉందండీ?" అని అడిగింది నర్సు.

"నీలం," అన్నాడు.

"వంకాయ రంగు," అంది పక్కనుంచి లొరేన్.

"నీలమే. నా కాలి సంగతి నాకు తెలియదా?"

ఈ పగకు విల్‌కాట్‌లో ఒక మనిషి ఉన్నాడు. పేరు క్లైడ్ పెన్నర్, గోధుమల గోదాములో పనిచేసి రిటైరయ్యాడు. ఎప్పుడో స్టేడియం పార్కింగులో ఇద్దరి ట్రక్కులూ పక్కపక్కన పడ్డాయి. ఆట మొదలయ్యేలోపు తిట్టుకున్నారు, ఆట ముగిసేసరికి పందెం వేసుకున్నారు. ఏటా ఎవరి ఊరు ఓడితే వాడు అవతలివాడి ఇంటికి వెళ్ళాలి. అవతలివాడి రంగు ఆప్రన్ కట్టుకుని, మాంసం, చిక్కుడు గింజలు వేసి ఉడికించే చిల్లీ కూర వండి వడ్డించాలి. మగవాళ్ళు తిట్టుకుంటూ ఉంటే లొరేన్, క్లైడ్ భార్య ఐరీన్ కబుర్లలో పడి స్నేహితురాళ్ళయ్యారు.

కిందటి నవంబరులో ఆఖరి క్షణంలో బెల్‌ఫోర్డ్ గెలిచింది. మూలన బంతి పట్టిన బెల్‌ఫోర్డ్ ఆటగాడి కాలు గీత లోపల ఉందన్నాడు రిఫరీ. బయట పడిందన్నాడు క్లైడ్. పందెం ప్రకారం వచ్చి నారింజ ఆప్రన్‌తో గరిటె తిప్పుతూ కూడా అదే మాట.

"బయట పడింది."

"లోపలే."

"జానెడు బయట."

"లోపలంటే లోపలే. ఉప్పు చాల్లేదు, చూసుకో."

ఆ తర్వాత బెల్‌ఫోర్డ్ కాలేజీ కాన్ఫరెన్సు మారింది. ఏటా తమలో తాము ఆడుకునే ఇరుగుపొరుగు కాలేజీల కూటమిని వదిలేసి, టీవీవాళ్ళు ఆశపెట్టారని పసిఫిక్ తీరం కాలేజీలతో చేరింది. "మన ఊరి ఈతకొలనులోనే నీళ్ళుండవు, మనకు సముద్రంతో ఏం పని?" అన్నాడు హెర్షెల్. విల్‌కాట్‌తో ఆట రద్దయింది. ఇక వంకాయ రంగు జబ్బు తగ్గుతుందనుకుంది లొరేన్. అది ముదిరింది.

ఆ వచ్చిన వసంతంలో ఐరీన్ పోయింది. అప్పటినుంచి క్లైడ్ ఫోన్ ఎత్తడం లేదు, తలుపు తీయడం లేదు. అతని కూతురు లొరేన్‌తో ఫోన్లో చెప్పుకుని ఏడ్చింది. "ఎవరొచ్చినా కుర్చీలోంచి లేవడండీ. తిండి కూడా సరిగ్గా తినడం లేదు. ఇలా అయితే ఈ చలికాలం దాటతాడా అని భయంగా ఉంది."

పేపరు వెనకనుంచి అంతా విన్న హెర్షెల్, "ఓడిపోయినవాళ్ళు అంతే," అన్నాడు. లొరేన్ మర్నాటిదాకా అతనితో మాట్లాడలేదు.

నవంబరు వచ్చింది. విల్‌కాట్‌తో ఆడే శనివారాన ఇప్పుడు కొత్త కాన్ఫరెన్సు ఆట. ఊరంతా నారింజ చొక్కాలతో స్టేడియం దారి పట్టింది. లొరేన్ దాల్చినచెక్క వేసిన తీపి రొట్టెలు, వేడి సినమన్ రోల్స్, ఒళ్ళో పెట్టుకుని ట్రక్కులో కూర్చుంది, ఆ ప్రాంతంలో అవి లేకుండా చిల్లీ ఎవరూ ముట్టరు. ట్రక్కు మాత్రం ఎదురు దిక్కుకు తిరిగింది.

"స్టేడియం అటు."

"తెలుసు. విల్‌కాట్ వెళ్తున్నాం."

"మరి టికెట్లు?"

"పక్కింటివాళ్ళకిచ్చేశా. ఈ శనివారం విల్‌కాట్‌ది. కాలేజీ మారితే మారనీ, నేను మారలేదు."

"పెళ్ళాం పోయిన మనిషిని వెక్కిరించడానికి ఇంత దూరం వెళ్తావా? సిగ్గులేదూ?"

"ఆట రోజు ఉండదు," అని రేడియో పెట్టాడు.

క్లైడ్ ఇంటికి తెరలన్నీ వేసి ఉన్నాయి. హెర్షెల్ వరండాలో గ్యాసు పొయ్యి దించాడు, చిల్లీ గిన్నె దించాడు. సీటు కిందనుంచి ఒక సంచి తీశాడు. అందులో వంకాయ రంగు ఆప్రన్ ఉంది. కొత్తది, ధర చీటీ కూడా ఊడలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని మెడలో వేసుకున్నాడు. వెనక ముడి పడక తంటాలు పడుతుంటే లొరేనే వేసింది. దారి పొడవునా తిట్టిన తిట్లు గుర్తొచ్చి, మెడ దగ్గర మడత కూడా సరిచేసింది.

"క్లైడ్," అని తలుపు కొట్టాడు. పలుకు లేదు.

"చిల్లీ తెచ్చా," అని మళ్ళీ కొట్టాడు.

"చలి చంపేస్తోందిరా."

లోపల చీమ చిటుక్కుమనలేదు. హెర్షెల్ ఒకసారి వీధి అటూ ఇటూ చూశాడు. విషం మింగేవాడిలా మొహం పెట్టి గట్టిగా అన్నాడు.

"ఒరేయ్ క్లైడ్, ఆ కాలు బయటే పడింది."

లోపల కుర్చీ కిర్రుమంది.

"ఏమన్నావు?"

"బయట పడిందన్నా. వీడియో మళ్ళీ చూశా. గెలిచింది మీరే. పందెం ఓడాను కాబట్టి వండిపెట్టడానికి వచ్చా."

తలుపు కొంచెం తెరుచుకుంది. మాసిన గడ్డంతో క్లైడ్ ఆప్రన్ వంక చాలాసేపు చూశాడు.

"ఎంత బయట?"

"వేలెడు."

తలుపు మూసుకోబోయింది.

"జానెడు," అన్నాడు హెర్షెల్, పళ్ళు బిగబట్టి.

తలుపు బార్లా తెరుచుకుంది.

క్లైడ్ రెండు గిన్నెల చిల్లీ తిన్నాడు. ఉప్పు చాల్లేదన్నాడు. సినమన్ రోల్ తుంచుకుంటూ, ఐరీన్ అయితే వెన్న ఇంకా దండిగా వేసేదన్నాడు. నెలల తర్వాత అతని నోట ఆ పేరు రావడం అదే మొదలని కూతురు తర్వాత చెప్పింది.

"మరి మంచు తుఫానులో ఆడిన ఆ ఆట మాటేమిటి?" అన్నాడు క్లైడ్, ఉత్సాహం పుంజుకుని. "అదీ మాదే."

"దాని సంగతి వచ్చే నెల తేల్చుకుందాం. వీడియో చూసి వస్తా."

తిరుగు దారిలో లొరేన్ అతని చేతి మీద చెయ్యి వేసింది.

"నువ్వు చాలా మంచివాడివి, హెర్షెల్."

"కాలు లోపలే ఉంది."

"తెలుసు."

"జానెడు లోపల. ఎవరితోనైనా అన్నావంటే చూడు."

"అననులే. మరి ఆ ఆప్రన్ విప్పవా? ఊళ్ళోకి వచ్చేశాం. వంకాయ రంగులో చూస్తే నలుగురూ ఏమనుకుంటారు?"

హెర్షెల్ తల వంచి ఒకసారి ఆప్రన్ చూసుకుని, మళ్ళీ రోడ్డు మీదికి చూపు తిప్పాడు.

"ఇది నీలం," అన్నాడు.