ఏడవని మనవడి నాయనమ్మ

మనవడి సంగతి ఎవరడిగినా మా అమ్మాయి అత్తగారిది ఒకటే మాట: "మావాడు అసలు ఏడవడండి." ఏడుపు పక్కవీధి పిల్లలకే వస్తుందని ఆవిడ నమ్మకం.

ఆ రోజు పది నెలల పిల్లాడు పావుగంటకోసారి కాళ్ళు ముడుచుకుని గుక్కపట్టి ఏడ్చాడు. మధ్యమధ్యలో ఏమీ ఎరగనట్టు ఉంటున్నాడు. మండపేట నుంచి రాజమండ్రి ఆసుపత్రికి పరిగెత్తాం. ఎమర్జెన్సీలో డాక్టరమ్మ చూసే సమయానికి వాడు నవ్వాడు. తల్లి నోరు తెరిచేలోపు నాయనమ్మే, "ఏడుపేం లేదండి, కాస్త గ్యాసు" అంది. డాక్టరమ్మ గ్యాసు మందు రాయబోయింది.

డైపర్లు దండగని నేను పాత చీర ముక్కలే కడతాను. జిగురుగా, ఎర్రగా విరేచనమైన ముక్కను సంచిలోంచి తీసి డాక్టరమ్మ ముందు పరిచాను.

"అయ్యో వదినగారూ, నలుగురిలో పరువు తీశారు" అంది నాయనమ్మ.

డాక్టరమ్మ కలం పడేసి స్కానింగ్‌కి పంపింది. పేగులోకి పేగు దూరిందట. ఇంకా ఆలస్యమైతే పొట్ట కోయాల్సి వచ్చేదట. వెనక నుంచి గాలి ఎక్కించి సరిచేశారు.

"మళ్ళీ దూరవచ్చు, ఇవాళంతా ఇక్కడే ఉంచండి" అని డాక్టరమ్మ కాగితం అందుకుంది. నాయనమ్మ గొంతు తగ్గించి, "పేగు సంగతి అందులో రాయకండమ్మా, రేపొద్దున సంబంధాలకి అడ్డొస్తుంది" అంది.

"ముందు వాడికి పళ్ళన్నీ రానివ్వండి" అంటూ డాక్టరమ్మ పెద్ద అక్షరాలతో రాసేసింది.