దేనక పిలిచిన పేరు

మా ఇంటికీ దేనక ఇంటికీ మధ్య ఒకటే గోడ. అటువైపు ఆమె పొయ్యి రాజేస్తే ఇటువైపు మా గోడ వెచ్చబడుతుంది.

దేనక మొగుడు స్పందాతు, రష్నకు అనే దొర గుర్రాలు మేపేవాడు. దొర భూమిలో పుట్టినవాడు దొర పిలిస్తే విల్లు పట్టి వెళ్లాలి. అది మా పార్థియా ఆచారం, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. యువరాజు పెద్దనది దాటి రోము వాళ్ల మీదికి మొదటిసారి వెళ్లినప్పుడు స్పందాతుకి ఇంకా మీసాలు సరిగా రాలేదు. రెండోసారి వెళ్లినప్పుడు సిరియా పట్నాలు ఒకదాని వెంట ఒకటి తలుపులు తెరిచాయి. అక్కడి జనం కూడా యువరాజును ధర్మాత్ముడన్నారని చెబుతూ అతను పొంగిపోయేవాడు. ఆ దండయాత్రలో అతనికి దక్కినవి ఒక గాజుగిన్నె, భుజంలో ఒక నొప్పి. గిన్నె దేనకకిచ్చాడు. నొప్పి తనే ఉంచుకున్నాడు.

మూడోసారి నగారా మోగినప్పుడు దేనక పిండి పిసుకుతోంది.

"మళ్లీనా?" అంది.

"యువరాజు మంచివాడే."

"మంచివాడైతే ఇంటిపట్టున ఉండమను. వాళ్లమ్మ మాత్రం సంతోషించదా?"

స్పందాతు నవ్వుకుంటూ గుర్రమెక్కాడు.

ఆ యుద్ధంలో యువరాజు కన్నుమూశాడు. గట్టు మీదున్న రోము శిబిరంపైకి మనవాళ్ల గుర్రాలు ఎక్కుతుంటే రోము వాళ్లు ఒక్కుమ్మడిగా కిందికి దూకారట. విల్లు వంచడానికి ఎడం లేకపోయింది. యువరాజు తలను ఊరూరా తిప్పారన్న కబురు విని ఆ రోజు మా ఊళ్లో చాలామంది అన్నం ముట్టలేదు. ఒంటెల మీద బాణాల మూటలు వేసుకెళ్లిన ఫర్నకు అనేవాడు తిరిగి వచ్చాడు. రష్నకు దొర కూడా వచ్చాడు. మా ఊరి విలుకాండ్రు ఒక్కరూ రాలేదు.

ఏడాది చివరి రోజుల్లో జరిగే పండుగకు చనిపోయినవాళ్లు తమ ఇళ్లకు వస్తారు. అగ్ని ఎదుట ఎవరి పేరు పలుకుతారో వాళ్లు తిని, దీవించి వెళతారు. పేరు పలకనివాళ్లు గడప బయటే నిలబడి ఆకలితో మళ్లిపోతారు. అంతకన్నా దిక్కులేనితనం మాకు తెలియదు. అందుకే దేనక ముందుగానే అగ్నిగృహం పూజారి బగదాతు దగ్గరికి వెళ్లింది.

"పలకడానికి లేదమ్మా," అన్నాడాయన నేల చూపులు చూస్తూ.

"ఎందుకని స్వామీ?"

"విలుకాండ్రు యువరాజును వదిలేసి పారిపోయారని దొర చెప్పారు. ప్రభువును విడిచినవాడి పేరు అగ్ని ముందు ఎత్తకూడదు. పైగా ఎక్కడో బతికుంటే? బతికున్నవాణ్ణి చచ్చినవాళ్లలో కలిపిన పాపం నాకెందుకు?"

దేనక ఇంటికొచ్చి పిండి పిసకడం మొదలుపెట్టింది. ఎంతసేపు పిసికిందో ఆ రొట్టెలు రాళ్లలా కాలాయి. కుమ్మరి పెళ్లాం అనోష చడీచప్పుడూ లేకుండా మేకపాలు గడపలో పెట్టి వెళ్లింది. ఎవరో గోడ పక్కన కట్టెలు వేశారు. మా ఊరి పేదల మనసులు అలా ఉంటే, కలిగినవాడి మనసు చూడండి. దొర పాటగాళ్లను పిలిపించి తన పోరాటం మీద పాట కట్టించాడు. అందులో అతని ఎర్రగుర్రం కూలిపోవడానికే చరణాలకు చరణాలు. స్పందాతుకు ఒక్క అక్షరం లేదు.

దేనక ఫర్నకును నిలేసింది. "నువ్వు చూశావా, లేదా?"

"చూశాను వదినా. పడిపోయిన యువరాజు చుట్టూ నిలబడ్డవాళ్లలో అన్న ఉన్నాడు. అక్కడే పోయాడు."

"ఆ మాట దొర ముందు చెప్పు."

"చెబితే నా ఒంటెలు దొర పాకలోకి పోతాయి, నేను గోతిలోకి పోతాను."

పండుగ మొదటి సాయంత్రం అగ్నిగృహం ఆవరణలో ఊరంతా చేరింది. దొర ముందు కూర్చున్నాడు. పాట ముగిసింది. పూజారి దొర వంశంలోని పేర్లు పలకబోతుండగా దేనక లేచి నిలబడింది.

"దొరా, పారిపోయినవాళ్లు ఎక్కడికి పోతారు?"

దొర నవ్వాడు. "ఎక్కడికేమిటే? పెళ్లాం కొంగు చాటుకు."

"మరి నా కొంగు ఖాళీగా ఉందే! విలుకాండ్ర పెళ్లాలందరి కొంగులూ ఖాళీయే. ఊళ్లో దొరసాని అమ్మగారి కొంగొక్కటే నిండుగా ఉంది."

వెనక ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు. దొర మొహం కందిపోయింది. "దీన్ని బయటికి గెంటండి!"

పూజారి నిప్పును చూస్తూ ఉండిపోయాడు. అదే నాకు మింగుడుపడదు. ఎవరి బిడ్డకు జ్వరమొచ్చినా పిలవకుండానే వచ్చి మంచం పక్కన కూర్చునే మనిషి. అలాంటివాడి నోటిని దొర పంపే గోధుమలు మూశాయి. దేవుడి ఎదుట నిలబడి మనిషికి భయపడితే ఆ నిలబడటం ఎందుకు?

దేనక ఇంటికొచ్చి, రొట్టె, ద్రాక్షరసం పట్టుకుని నిచ్చెన వేసి మిద్దె ఎక్కింది. వచ్చేవాళ్ల కోసం మిద్దె మీద తిండి పెట్టడం అందరూ చేసేదే. పేరు పిలవడం మాత్రం పూజారి పని. ఆమె ధూపం వేసి, గొంతెత్తి పిలిచింది.

"స్పందాతూ! ఇది నీ ఇల్లే. రా, తిను!"

కాసేపటికి పక్క వీధి మిద్దె మీంచి ఇంకో గొంతు, ఇంకో పేరు లేచాయి. ఆ తర్వాత మరొకటి. అగ్నిగృహంలో పూజారి పలికేది పక్కవాళ్లకే వినపడకుండా పోయింది.

ఆమెను దించమని దొర పంపిన మనిషి పరుగున వచ్చాడు. నిచ్చెన మొదట్లో ఫర్నకు కూర్చుని ఉన్నాడు.

"ఎక్కు బాబూ, ఎక్కు. పైన చచ్చినవాళ్లను పిలుస్తున్నారు. వచ్చినవాళ్లు విళ్లతో వస్తే మాత్రం నా పూచీ లేదు."

ఆ మనిషి పైకి చూసి, దణ్ణం పెట్టుకుని వెళ్లిపోయాడు. అప్పుడు ఫర్నకు లేచి, మిద్దెలన్నీ వినేలా అరిచాడు: "నేను చూశాను! స్పందాతు పారిపోలేదు! మనవాళ్లెవరూ పారిపోలేదు! యువరాజు చుట్టూనే పడ్డారు!"

మర్నాడే దొర మనుషులు అతని ఒంటెలను తోలుకుపోయారు. పాట ఇప్పటికీ దొర వాకిట్లో పాడుతూనే ఉన్నారు.

పండుగ చివరి తెల్లవారున బగదాతు దేనక గుమ్మంలోకి వచ్చాడు. "పేర్లు చెప్పమ్మా. ఇవాళ పలుకుతాను. దొర గోధుమలు వెనక్కి పంపేశాను."

దేనక గుమ్మానికి అడ్డంగానే నిలబడింది. "మా ఆయన్ని నేను పిలిచేశాను స్వామీ. వచ్చాడు, తిన్నాడు. ఇక మీరు పలకాల్సింది మీ కోసం."

స్వామి అక్కడే, వీధిలో, తలవంచుకుని స్పందాతు పేరు పలికాడు. ఆమె అప్పుడు గానీ పక్కకు తప్పుకోలేదు.