మందుపాతర పక్కన హెల్మెట్

మా మునస్వామన్నకు ఉన్న పిచ్చి ఒక్కటే. తుపాకుల వీడియో గేముల్లో పాతిపెట్టే బాంబుల్లో ఏది మేలైనదో తేల్చడం. తుపాకీ ముట్టడు, శత్రువును తరమడు. ఏ ఆట ఇచ్చినా అందులో మందుపాతరలు ఎన్ని రకాలో చూస్తాడు, పక్క ఆటలోని వాటితో పోలుస్తాడు, చివరికి అదే ప్రశ్న వేస్తాడు.

"అదంతా సరే హరీ, మన గొడ్డు తొక్కితే?"

ఆటలో గొడ్లు ఉండవని చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది.

ఆయనకు పూతలపట్టు దగ్గర మామిడితోపు ఉంది. నాకు చిత్తూరులో గేమింగ్ సెంటరు. కొడుకు కాలేజీ ఎగ్గొట్టి నా దగ్గర ఆడుతున్నాడని తెలిసి, చెవి పట్టుకుని ఈడ్చుకుపోదామని వచ్చాడు మహానుభావుడు. సరిగ్గా అప్పుడే కొడుకు ముందున్న స్క్రీన్ మీద ఎవడో మందుపాతర తొక్కి ఎగిరిపడ్డాడు. "ఇదేందిరా? ఎవురు పెట్టినారు ఈడ? గురుతు యాడ?" అంటూ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కొడుకు భయపడి ఇంటికి పోయి, చదువుకుని పాసైపోయాడు. తండ్రి మాత్రం నాకు మిగిలాడు.

ఇక ఆయన బాంబులకు పెట్టే పరీక్షలు చూడాలి! మండీలో కాయ ఏరేవాడు కూడా అంత పట్టిపట్టి చూడడు.

"ఈ క్లేమోర్ ఉండాదే, ముందుకే పేలతాది. ఎనక నిలబడినోడికి ఏమీ కాదు. బుద్ధి ఉండే బాంబు."

"మరి రెండో ఆటలోది?"

"అది దోసెపెనం మాదిరి ఉండాది. గడ్డిలో పెడితే పెట్టినోడికే కనపడదు. దానికి సున్నా."

"రిమోటు నొక్కితే పేలేది?"

"దానికి మనిషి కావిలి ఉండాల. నేనే కావిలి ఉంటే ఇంక బాంబు దేనికప్పా?"

చివరికి నేను అన్నిటికన్నా ఖరీదైనదాన్ని చూపించాను. అది మనవాళ్లు దగ్గరికొస్తే బీప్ బీప్ అని అరిచి హెచ్చరిస్తుంది.

"అరుపును నమ్ముకోకూడదు," అని దాన్నీ కొట్టిపారేశాడు.

ఏ బాంబూ నచ్చనివాడు ఏం చేయాలి? మానుకోవాలి. ఈయన మానుకోలేదు. ఆ అరిచే బాంబునే పాతి, పక్కనే తన హెల్మెట్ తీసి గురుతుగా పెట్టడం మొదలుపెట్టాడు. అదేమిటన్నా అంటే, "తోపులో మందు కొట్టినాక తోవలో వేపమండ గుచ్చేది లేదా? గొడ్లు కాసేవాళ్లకు తెలవాల గదా," అన్నాడు. శత్రువులు ఆ హెల్మెట్ చూసి, నవ్వుకుని, పక్కనుంచి పోయేవాళ్లు. కొండకు పోయి తలనీలాలు ఇచ్చినట్టు హెల్మెట్ ఇచ్చేసిన మునస్వామన్న బోడితలతో తిరిగి అందరికన్నా ముందు చచ్చేవాడు.

మా జట్టుకు నాయకుడు రూపేష్, ఇంజనీరింగ్ కుర్రాడు, ముక్కుమీద కోపం. నేను, మునస్వామన్న కాక ఇంకో మనిషి లోహిత. సత్యవేడు నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది. ఆ పిల్ల గురి పెడితే తప్పేది కాదు. కానీ రూపేష్ పెట్టిన బీప్ బాంబుల మీదికి మాత్రం తిన్నగా నడిచిపోయేది. ఆ ఆటలో మన బాంబు మనవాళ్లనూ చంపుతుంది.

"ఇంకొక్కసారి మన బాంబు తొక్కితే నిన్ను తీసేస్తా లోహితా," అని రూపేష్ తెగేసి చెప్పాడు. ఆ పిల్ల తల వంచుకుంది. ఊరుగాని ఊళ్లో ఆమె నవ్వుతూ కూర్చునే చోటు మా సెంటరు ఒక్కటే. నాకు జాలేసింది గానీ రూపేష్‌కు ఎదురు చెప్పే ధైర్యం నాకెక్కడిది!

తిరుపతి జట్టు మాతో పోటీకి వచ్చిన రోజు రూపేష్ ముందే అడ్డం పడ్డాడు.

"మామా, ఈపొద్దు హెల్మెట్ పెట్టొద్దు. వాళ్లకు నీ గుట్టు తెలుసు."

"పెట్టకుండా నేను మందు పాతనబ్బా."

"ఓడిపోతాము మామా!"

"ఓడితే మళ్లా ఆడుకోవచ్చు."

"ఎవురికోసరం ఇదంతా?"

"మనోళ్ల కోసరం."

"మనోళ్లకు బీప్ వినపడతాది గదా!"

మునస్వామన్న తువ్వాలు తలకు బిగించాడు. "నేను హెల్మెట్ పెడతా," అన్నాడు. కొండను కదిలించవచ్చు, ఆయన్ను కదిలించలేం.

ఆట చివరికొచ్చేసరికి నేను పోయాను, రూపేష్ పోయాడు. మునస్వామన్న ఒక గది వాకిట్లో బాంబు పాతి, హెల్మెట్ పెట్టి, అలవాటు ప్రకారం బోడితల మీద గుండు తిని పడిపోయాడు. ఆ గదిలో లోహిత ఒక్కతే మిగిలింది. అవతల ఇద్దరు. వాళ్లు వాకిట్లో హెల్మెట్ చూశారు. తిరుపతి కుర్రాళ్ల నవ్వు మా బల్లదాకా వినిపించింది. చుట్టు తిరిగి వెనక కిటికీలోంచి దూకారు. లోహిత అప్పటికే కిటికీకి గురిపెట్టి కూర్చుని ఉంది. ఇద్దరూ దూకినవాళ్లు దూకినట్టే పడ్డారు.

రూపేష్ కుర్చీ ఎక్కి గంతులేశాడు. "కాలి సప్పుడు భలే పట్టేసినావే!"

లోహిత హెడ్‌సెట్ తీసి ఒళ్లో పెట్టుకుని, అతని ముఖం వంకే చూస్తూ చెప్పింది. "నాకు సప్పుడు వినపడదన్నా. ఈ చెవి పూర్తిగా లేదు, ఆ చెవి సగం. వాకిట్లో హెల్మెట్ ఉండాది గదా, ఎవురూ రారు, కిటికీలో నుంచే వస్తారనుకున్నా."

రూపేష్ కుర్చీ దిగాడు. "ముందే చెప్పింటే…"

"చెప్తే తీసేస్తారేమో అనుకున్నా."

నేను మునస్వామన్నను పక్కకు లాగాను. "నీకు తెలుసు కదా?"

"పిలిస్తే పలకదు, చెయ్యి ఊపితే నవ్వతాది. తెలియకుండా యాడికి పోతాది?"

"మాతో ఒక్క మాట అనొచ్చు కదన్నా!"

"చెప్పుకునేది ఆ పాప ఇష్టం. నేను దండోరా ఏస్తానా?" అని నామీదే కసిరాడు. నాకు ఆ మనిషి మీద ముద్దొచ్చింది.

మర్నాడు రూపేష్ తనే లోహిత స్క్రీన్‌లో చప్పుళ్లను పచ్చగీతలుగా చూపించే సదుపాయం పెట్టాడు. అది ఉందని ఆ పిల్లకు ఎప్పుడో తెలుసట, ఎందుకు పెట్టావని మేం అడుగుతామని భయపడి పెట్టుకోలేదట. ఇక గురుతు అక్కర్లేదని మేమందరం బతిమాలితే మునస్వామన్న హెల్మెట్ నెత్తినే ఉంచుకుని బీప్ బాంబు పాతాడు. గీత మెరిసింది, లోహిత చక్కగా పక్కకు తప్పుకుంది.

"సూడు సూడు, మా పాప ఎట్లా దాటిందో!" అని ఆమె స్క్రీన్ వైపు తిరిగి మురిసిపోతూ, మునస్వామన్న తన మనిషిని తిన్నగా తన బాంబు మీదికే నడిపించాడు. ఢాం!

మేమంతా ఆయన వైపు తిరిగాం. ఆయన గడ్డం గోక్కుంటూ స్క్రీన్‌ను తేరిపార చూసి, తృప్తిగా తలూపాడు.

"నేను పెట్టింది పేలడం ఇదే మొదలు. మంచి సరుకేనప్పా!"