నిజ నకలు

జిరాక్సు మిషనులోంచి వచ్చిన కాగితం వేడిగా చేతికి తగిలితే చాలు, నాకు ఇప్పటికీ హుషారొచ్చేస్తుంది. మొన్న మాచర్ల బస్టాండు ఎదుట కొట్లో, మడతల దగ్గర చిరుగుతున్న పాత కాగితం ఒకటి ఇచ్చి "రెండు నకళ్లు తియ్యమ్మా" అన్నాను. కొట్లో పిల్ల నోరు తెరిచింది. "నకళ్లంటే ఏందమ్మమ్మా?" ఓసి నీ దుంపతెగ, పొద్దున్నుంచీ అవే తీస్తూ నకలంటే తెలియదా! నవ్వాగలేదు. ఈ మాట దేవసహాయం గారు వినుంటే కుర్చీలోంచి లేచి నిలబడేవారు.

అరవైల మొదట్లో, గురజాలలో దస్తావేజులకు నకళ్లు రాసిచ్చే ఆఫీసులో చేరాను. దేవసహాయం గారు అక్కడ పెద్ద గుమాస్తా. మా నాన్నతో కలిసి చర్చిలో పాటలు పాడేవారు కాబట్టి నాకు బాబాయ్. మనిషి ఎండిన కందికట్టె. గొంతు మాత్రం రోడ్డు మీదికి వినపడేది. ఆ రోజుల్లో మా పల్నాట్లో నకలు అనే మాట లేకుండా పూట గడిచేది కాదు. పొలం తగాదా వస్తే "నకలుకు అర్జీ పెట్టా" అనేవారు. పురిటిబిడ్డను చూసి "అచ్చం నాయనమ్మ నకలే" అని మురిసేవారు. ఒకసారి ఒక రైతు నోరుజారి "నకిలీ కాగితం కావాలయ్యా" అనేసరికి ఆయన అగ్గిమీద గుగ్గిలమయ్యారు. "నకిలీ అంటే దొంగది! నకలంటే అసలు రాలేని చోటికి పోయి అసలు తరపున నిలబడేది. ఆ రెండిట్నీ ఇంకోసారి కలిపావంటే చూడు!"

రాసిన ప్రతి నకలునీ అక్కడ సరిచూసేవారు. ఆయన అసలు కాగితాన్ని పైకి చదువుతారు. రాసినవాళ్లు నకలు మీద వేలు పెట్టుకుని వెంట నడవాలి. ఆ తర్వాతే కింద "నిజ నకలు" అని రాసి ఆయన సంతకం పెట్టేవారు. నాకది శుద్ధ దండగ అనిపించేది. నా దస్తూరి ముత్యాలు, నా తెలివికి తిరుగులేదు మరి! ఇరవై రెండేళ్ల పొగరు.

ఒకరోజు మాచవరం నుంచి నాగరత్తమ్మ అనే ఆవిడ వచ్చింది. భర్త పోయాడు. పక్క చేనాయన గట్టు జరుపుకుంటూ వచ్చి అరెకరం మింగాడు. మర్నాడే కోర్టు అమీను హద్దులు చూడటానికి వస్తున్నాడు. వాళ్ల మామగారి నాటి దస్తావేజు నకలు చూపించలేకపోతే ఆ అరెకరం పోయినట్టే. ఆవిడ వరండాలో కూర్చుంది, నేను రాయడం మొదలుపెట్టాను. అసలులో "పడమర హద్దు పాత బావి" అని ఉంది. మా అమ్మమ్మది ఆ ఊరే. ఆ చేలో కందికాయలు తెంపుకు తిన్నదాన్ని, పడమర బావెక్కడిది? రాసినవాడికి మతి పోయిందనుకుని "పడమర హద్దు పక్క చేను గట్టు" అని సరిదిద్దాను. పాపం, ఆవిడకు మేలు చేస్తున్నాననే అనుకున్నాను!

దేవసహాయం గారు చదువుతూ ఆ మాట దగ్గరికొచ్చారు. నా వేలు ఆగింది.

"ఏందమ్మాయ్, ఆగిందే?"

"అక్కడ బావి లేదు బాబాయ్. నాకు బాగా తెలుసు."

ఆయన నకలు లాక్కుని చూశారు. ఆ వాక్యం మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టారు.

"నిన్నెవరడిగారే? బావి ఉందో లేదో అమీను చూసుకుంటాడు. తప్పుంటే తప్పుతో సహా రాయి. నీ తెలివి తీసుకెళ్లి నకల్లో పెట్టమాక!"

ఏడుపొచ్చింది. పళ్లు కొరుకుతూ మళ్లీ రాశాను. బావి లేదని రుజువు చేసి ఈయన నోరు మూయించాలని మర్నాడు సెలవు పెట్టి మరీ మాచవరం బస్సెక్కాను. అంత మొండిదాన్ని!

అమీను నకలు చదివి, పడమర గట్టు అవతల తవ్వమన్నాడు. పక్క చేనాయన పకపకా నవ్వాడు. "బావీ లేదు, గీవీ లేదు. కానీండి, నా చేను దున్నినట్టుంటది!" రెండు చోట్ల మట్టే వచ్చింది. నాగరత్తమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. మూడోచోట గునపం ఠంగుమంది. రాయి! పక్కనే ఇంకో రాయి. మట్టి లాగేకొద్దీ నాపరాళ్లు గుండ్రంగా తిరుగుతూ పోయాయి. "బావే! మా మామ కాగితంలోని బావేనమ్మో!" అని ఆవిడ నన్ను వాటేసుకుంది. రుజువు చేద్దామని పోయినదాన్ని, అందరికంటే గట్టిగా కేకలు వేసింది నేనే. గంతులు కూడా వేశాను, సిగ్గెందుకు. హద్దు బావి దాకా అని తేలేసరికి పక్క చేనాయన కండువా దులుపుకుని వెళ్లిపోయాడు.

బస్సు దిగి ఆఫీసుకు ఒకటే పరుగు. "బావి ఉంది బాబాయ్! ఉంది!"

ఆయన కలం ఆపలేదు. "కాగితంలో ఉందిగా" అన్నారు. కాసేపయ్యాక సొరుగులోంచి ఎర్రగీత కొట్టిన నా మొదటి నకలు తీసి నా ముందు పెట్టారు. "దాచుకో. నీకు చానా తెలుసనిపించినప్పుడల్లా చూసుకో." తిట్టులా లేదు, బిడ్డకు సొమ్ము ఇచ్చినట్టే ఇచ్చారు.

ముప్పై ఏళ్లు నకళ్లు రాశాను. ఎన్నోసార్లు చెయ్యి దురద పెట్టింది. ఒక్క అక్షరం దిద్దలేదు. ఆయన ఇప్పుడు లేరు. ఆ కాగితం మడతల దగ్గర చిరుగుతోందనే మొన్న కొట్టుకు పట్టుకెళ్లాను.

పిల్ల దాన్ని వెలుతురులో పెట్టి చూసింది. "ఈ ఎర్రగీత అసహ్యంగా ఉంది అమ్మమ్మా. పైన తెల్లకాగితం ముక్క పెట్టి, పడకుండా తీసేదా?"

"వద్దు తల్లీ, వద్దు! అక్షరాలు పడకపోయినా సరే, ఆ గీత పడాలి" అన్నాను.